గడియారం సైకిల్

మా ఇంటి వెనక రేకుల కింద ఉండే సైకిలు ఇంగ్లండుది. మా గనిలో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన ఇంగ్లీషు ఇంజనీరు, పని ముగించుకుని వెళ్ళిపోయే రోజున నన్ను ప్రత్యేకంగా పిలిపించాడు. నా రెండు చేతులూ పట్టుకుని, ఇంతటి పనిమంతుణ్ణి మా దేశంలో కూడా చూడలేదని పక్కనున్న ఆఫీసరు చేత తెలుగులో చెప్పించి, కళ్ళు తుడుచుకుని, తాను తొక్కే సైకిలును నాకు అప్పగించాడు. గోదావరిఖనిలో నేను ఈ కథ చెప్పని టీ హోటలు లేదు. విన్నవాళ్ళలో సగం మంది నమ్మారు. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను.

జరిగింది ఇంత లేదు. ఆ దొర నా మొహం చూడలేదు. నేనూ ఆయన వీపే చూశాను, అదీ దూరం నుంచి. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక వాళ్ళు దిగిన గెస్ట్‌హౌస్ వెనక రెండు సైకిళ్ళు మిగిలాయి. ఒకటి ఎవరో ఆఫీసరు పట్టుకుపోయాడు. రెండోదాన్ని వాచ్‌మన్ నాకు అమ్మాడు. కళ్ళు తుడుచుకున్న మాట నిజమే గానీ తుడుచుకున్నది వాచ్‌మన్. ఇంకా ఎక్కువ వస్తుందని ఆశపడ్డాడు పాపం.

నల్లటి సైకిలు. మన సైకిళ్ళ కన్నా కాస్త పొట్టి, టైర్లు సన్నం. వెనక చక్రం నడిమి హబ్బు మాత్రం పెద్ద జామకాయంత లావు. మూడు గేర్లూ దాని పొట్టలోనే ఉంటాయి. చక్రం తిరుగుతుంటే ఆ పొట్టలోంచి ఒక చప్పుడు వస్తుంది. మన సైకిళ్ళు చేసే కరకర కాదు. నిదానంగా, తొందర లేని మనిషి ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు, టిక్కు, టిక్కు, టిక్కు. కాలనీ పిల్లలు దానికి గడియారం సైకిల్ అని పేరు పెట్టారు.

నాకు ఆ చప్పుడంటే భయం. ఈ మాట ఏ టీ హోటల్లోనూ చెప్పలేదు. గనిలో నేను టింబర్‌మన్‌ను. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కింద కర్ర దుంగలు నిలబెట్టడం నా పని. ఇనుప స్తంభం ఏమీ చెప్పకుండానే వంగిపోతుంది, కర్ర మాత్రం ముందే చెబుతుంది. పైనుంచి బరువు దిగుతుంటే లోపలి నారలు ఒక్కొక్కటే తెగుతూ టిక్కుమంటాయి. మొదట్లో చాలా నిదానంగా. అది వినబడితే చేతిలోది అక్కడే పడేసి ఉరకాలి. ఒకసారి అట్లా కప్పు దిగినప్పుడు పదిమందిని నేనే బయటికి తోశానని మనవలకు చెబుతుంటాను. తోసింది మా మీద అజమాయిషీ చేసే సర్దార్. తోయించుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. కానీ ఆ టిక్కు అందరికన్నా ముందు విన్నది నా చెవులే, అందులో కోతల్లేవు.

అట్లాంటివాడికి, పైకి వచ్చాక కూడా, ఇంటిదాకా అదే చప్పుడు వెంట. తలదీపం అప్పగించి సైకిలెక్కగానే వెన్ను మీద చలి పుట్టేది. పైన ఉన్నది ఆకాశమేనని తలెత్తి చూసుకునేవాణ్ణి. చూసుకుని ఇంకా గట్టిగా తొక్కేవాణ్ణి. మరి ఆ సైకిలును ఎందుకు వదిలించుకోలేదంటే, మా ఇంటామె వల్ల.

గని దిగినవాడు పైకొచ్చి గడప తొక్కేదాకా మా కాలనీలో ఆడవాళ్ళు అన్నం ముట్టేవాళ్ళు కాదు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. అడిగితే ఆకలి కాలేదనేవాళ్ళు. ఫస్ట్ షిఫ్టు మధ్యాహ్నమే దిగినా, నడుచుకుంటూ కొందరు, కల్లు దుకాణం మీదుగా కొందరు, ఒక్కొక్కరు ఒక్కో వేళకు చేరేవాళ్ళు. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి సందు మొగ వైపు చూస్తుండేవాళ్ళు. మా ఇంటామెకు ఆ అవసరం లేదు. పొయ్యి దగ్గరే కూర్చుని, సందు మలుపులో టిక్కుటిక్కు వినగానే రెండు కంచాలు పెట్టేది. గనిలో నన్ను తరిమిన చప్పుడే ఇంట్లో ఆమె చేత ముద్ద తినిపించింది. నా భయం సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

నేను రిటైరై చాలా కాలమైంది. నేను దిగిన గని మూతపడింది. క్వార్టర్ వదిలేసి, ఊరి చివర కట్టుకున్న ఇంట్లో కొడుకు, కోడలితో ఉంటున్నాం. కొడుకు ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. మేము భూమి కింద దొంగల్లా దూరి తీసిన బొగ్గును వాళ్ళు భూమి పైకప్పు మొత్తం విప్పి తీస్తున్నారు. రోజూ మధ్యాహ్నం అక్కడ బ్లాస్టింగ్ పెట్టగానే మా కిటికీ అద్దాలు గలగలమంటాయి. అల్మారాలో గ్లాసులు ఒకదానికొకటి తగులుతాయి.

రెండేళ్ళుగా మా ఇంటామెకు కాలం కలగాపులగమైంది. కంపెనీ దవాఖానలో డాక్టరు మతిమరుపు జబ్బన్నాడు, తగ్గేది కాదన్నాడు. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం అద్దాలు గలగలమనగానే లేచి, కొంగు సర్దుకుని, గేటు పక్క అరుగు మీద కూర్చుంటుంది. ఆ గలగలను ఆమె షిఫ్టు దిగే సైరన్ అనుకుంటుంది. ఇక మొగుడు రావాలి. వచ్చేదాకా తినదు.

మొదటిసారి అట్లా కూర్చున్న రోజు నేను పోయి పక్కన కూర్చున్నాను. చాలాసేపు సందు వైపు చూసి, నా వైపు తిరిగింది.

"ఏ ఊరన్నా నీది?"

యాభై ఏళ్ళు నాతో కాపురం చేసిన మనిషి నన్ను అన్నా అన్నది. నా నోట్లో అబద్ధాలకు ఎన్నడూ కరువు లేదు గానీ అప్పుడు ఒక్కటీ దొరకలేదు.

"ఈడనే అమ్మా," అన్నాను.

"మా ఆయన కోసం వచ్చినవా? ఇంక డ్యూటీ దిగలే. కూసో, వస్తడు."

ఆ సాయంత్రం కోడలు బతిమాలి బతిమాలి నాలుగు ముద్దలు పెట్టింది. మర్నాడు నేను కూరగాయలకని సైకిలు మీద పోయి, తిరిగి వస్తున్నాను. సందు మలుపు తిరిగి టిక్కుటిక్కుమంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె అరుగు మీద నుంచి లేచి నిలబడి ఉంది.

"వచ్చినవా? గింత ఆలస్యమేంది? పో, కాళ్ళు కడుక్కో. అన్నం పెడుత."

రెండు కంచాలు పెట్టింది. తిన్నది. ఆ సాయంత్రమంతా నేను నేనే. చిన్నమ్మాయి పెళ్ళిలో మా బావమరిది అలిగిన సంగతి చెప్పి నవ్వింది కూడా.

అప్పటినుంచి అద్దాలు గలగలమనగానే నేను పెరటి గుమ్మం లోంచి సైకిలు బయటికి తీసి, సందు చుట్టి, డ్యూటీ దిగినవాడిలా ముందునుంచి వచ్చేవాణ్ణి. నా ఇంటికి నేనే రోజూ వచ్చాను. సినిమాలో వేషగాడికైనా ఆదివారం సెలవుంటుంది.

పోయిన ఎండాకాలం వెనక టైరు పంక్చరైంది. మా మెకానిక్ ఒకప్పుడు గనిలో బొగ్గు టబ్బుల్ని లాగే యంత్రం దగ్గర పనిచేసి, ఇప్పుడు చౌరస్తాలో సైకిళ్ళ దుకాణం పెట్టుకున్నాడు. యంత్రం చప్పుడు చేసిందంటే గ్రీజు పెట్టడం అతని చేతికి పట్టిన అలవాటు. గనిలో చప్పుడు చేసే యంత్రాన్ని ఎవరూ ఊరికే వదలరు. సాయంత్రం పోయేసరికి పళ్ళు ఇకిలించుకుంటూ ఎదురొచ్చాడు.

"కాకా, నీ సైకిల్ లోపల ఖరాబై ఉండె. ఒకటే టిక్కుటిక్కు. మొత్తం ఇప్పి గ్రీజు కూరిన. ఇగ సప్పుడు బంద్!"

"బంద్ చేసినవా?"

"పైసలియ్యకు కాకా. నీ దగ్గర తీసుకుంటనా?"

"ఓరి నీ పాసుగాల! నేను పంక్చర్ ఎయ్యమన్నగదరా."

"పంక్చర్ గూడ ఏసిన."

చక్రం ఎత్తి తిప్పాను. పరుపు మీద పిల్లి నడిచినట్టు తిరిగింది. గ్రీజు కడగమన్నాను. కిరసనాయిలులో నానబెట్టి, మళ్ళీ విప్పి కడిగాక తెలిసింది అసలు నష్టం. హబ్బు లోపల చిటికెనవేలి గోరంత ఇనుప నాలుకలు ఉంటాయి. వాటిని వెనకనుంచి వెంట్రుకంత స్ప్రింగులు పైకి తోస్తుంటాయి. ఆ నాలుకలు పళ్ళ మీద నుంచి జారి పడుతుంటేనే టిక్కు. మావాడు సుత్తీ ఉలీ పెట్టి కొట్టినప్పుడు ఒక నాలుక విరిగింది. స్ప్రింగులు లేనే లేవు.

"సన్నటి తీగలసుంటివి రాలినయ్ కాకా. చెత్త అనుకున్న."

"ఏడ పడేసినవ్?"

అతను మోరీ వైపు చూశాడు. మోరీ నిండుగా పారుతోంది. వాణ్ణి తిట్టడానికి కూడా మనసు రాలేదు. మంచి చేద్దామనే చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను సందు చుట్టి చప్పుడు లేకుండా గేటు దగ్గర దిగాను. ఆమె నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూసింది.

"ఎవల సైకిలన్నా ఇది? మా ఆయనది గూడ అచ్చం గిట్లనే ఉంటది," అన్నది. లోపలికి రాలేదు.

ఆ స్ప్రింగుల కోసం నేను హైదరాబాద్ పాతబస్తీ గల్లీ గల్లీ తిరిగానని, ముంబై దాకా రైల్లో నిలబడి పోయానని ఈ మధ్య వాకింగ్ దోస్తులకు చెప్పాను. పోలేదు. మెకానిక్ దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నాను, అంతే. ఫోన్లు చేసింది వాడు. పాతబస్తీ దుకాణదారు ఫోటో చూసి, గీ హబ్బు మ్యూజియంల అడుగుండ్రి చాచా అని నవ్వాడట. ఇంకొకాయన మన సైకిలు స్ప్రింగులు పంపించాడు, అవి రెండింతలు లావు. రామగుండంలో పాత ఇనుప సామాను దుకాణాలన్నీ చూశాం. మనిషి నిలబడేంత ఎత్తు టైర్లున్నాయి, ఏనుగు మెడకు సరిపోయే గొలుసులున్నాయి. ఇంత ఇనుము పోగుపడ్డ ఊళ్ళో ఒక వెంట్రుకంత తీగ దొరకలేదు. మెకానిక్ పెన్నులో స్ప్రింగు సాగదీసి, వంచి, అదీ పెట్టి చూశాడు. సందు మలుపు దాకా టిక్కుమని, ఆ తర్వాత మూగబోయింది.

కోడలు ఫోనులో వెదికి, ఏదో దేశం నుంచి కొత్త హబ్బు తెప్పించింది. వచ్చేసరికి వర్షాలు మొదలయ్యాయి. మా చక్రానికి నలభై పుల్లలు, కొత్త హబ్బుకు ముప్పయి ఆరే రంధ్రాలు. దానికి తగిన రిమ్ము కోసం మరికొన్నాళ్ళు. అంతా బిగించి నేను సందు చుట్టి వచ్చాను. కొత్త హబ్బు సన్నగా, గబగబా చిటచిటలాడుతోంది.

"ఎవలో కుట్టుమిషన్ తొక్కుకుంట పోతాన్రు," అన్నది మా ఇంటామె.

కోడలు ఊరుకునే మనిషి కాదు. ఎక్కడో ఒక విదేశీయుడు మా సైకిలు లాంటిదే తొక్కే వీడియో పట్టింది. గోడ చాటున నిలబడి ఆ చప్పుడు గట్టిగా పెట్టింది. ఆమె తల తిప్పి చూసింది. "ఏంది పిల్లా, మీ మామ ఫోన్ల సైకిల్ తొక్కుతాండా?" కోడలు నవ్వి, నవ్వుతూనే లోపలికి పోయి ఏడ్చింది.

నవ్వడానికి వీల్లేని సంగతి ఒకటుంది. ఆమెకు షుగరు. గోళీ వేసుకుని తినకుండా చీకటిపడేదాకా కూర్చుంటే ఒళ్ళు చల్లబడిపోతుంది. ఒకరోజు అరుగు మీదనే పక్కకు ఒరిగిపోయింది. దవాఖానలో సెలైన్ పెట్టి, వేళకు తినకపోతే ఈసారి కష్టమని డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చిన మర్నాడే మళ్ళీ అరుగు మీద. పక్కన కూర్చుని బతిమాలాను.

"వస్తడమ్మా. నువ్వు తిను."

"ఆయన తినకుంట నేనెట్ల తింటనన్నా? పొద్దుగాల పోయిండు. లోపల ఎట్లున్నడో ఏమో." సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "నీకెరుక లేదు. డ్యూటీ దిగంగనే ఎంత జల్ది తొక్కుకుంట వస్తడో. నేనంటే గంత పానం."

భయపడి తొక్కేవాణ్ణని ఇప్పుడు ఎవరికి చెప్పను? చెప్పినా ఈ ఊరూ పేరూ లేని అన్న మాట ఆమె నమ్ముతుందా?

వారం తిరగకముందే మెకానిక్ మా ఇంటికి ఉరికొచ్చాడు. అతని బామ్మర్ది నస్పూర్‌లో క్వార్టర్లకు సున్నాలు వేసే పనికి పోయి, ఒక పెరట్లో అచ్చం మాలాంటి సైకిలునే చూశాడట. గెస్ట్‌హౌస్ వెనక మిగిలిన రెండింట్లో ఆ ఇంకొకటి. దాన్ని పట్టుకుపోయిన ఆఫీసరు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. ఆయన కాలం చేశాడు. కూతురికి కంపెనీలో ఉద్యోగం. ఆ క్వార్టర్‌లోనే తల్లి ఉంటోంది.

గోదావరి దాటి నస్పూర్ పోయేంతసేపూ బస్సులో నేను ఒక కథ కట్టాను. ఊరకే అడిగితే ఎవరిస్తారు, మొగుడి గుర్తును? ఆమె నన్ను వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నా ఈడు మనిషే. తెల్లటి జుట్టు, చెవులకు రాళ్ళ దుద్దులు. నేను మొదలుపెట్టాను.

"అమ్మా, మీ ఆయన, నేను గనిల ఒక్క పానం లెక్క ఉంటుంటిమి. ఒకసారి కప్పు కూలుతాంటే నన్ను భుజం మీద ఏసుకొని ఉరికిండు. పానం పోయినా నన్ను ఇడువలే. దారి పొడుగుత మీ పేరే అమ్మా ఆయన నోట్లె."

"నా పేరా?" ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమనేవారండీ?"

ఆమె పేరు నాకు తెలిస్తే కదా. "అంటే, మా ఇంటామెకు చెప్పు, మా ఇంటామెకు చెప్పు అన్నడు."

"మిమ్మల్ని భుజం మీద వేసుకుంటే ఆయనకు నడుం పట్టేయలేదుటండీ? బక్కమనిషి."

"పట్టిందమ్మా. అటెనుక నేను ఆయనను మోసిన."

"దాహం వేసిందని అన్నారా? ఆయనకు కంగారు పడితే దాహం."

"ఓ! నీళ్ళు నీళ్ళని ఒకటే అడిగిండు. నా సీసల నీళ్ళు తాపిన."

ఆమె ముందుకు వంగి, చేతి మీద గడ్డం ఆనించి వింటోంది. నాకు హుషారెక్కింది. నీళ్ళు తాగాక ఆయన ఏమన్నాడో చెప్పబోతుండగా నిదానంగా అన్నది:

"అన్నయ్యగారూ, మా ఆయన ఒక్కరోజు కూడా గనిలోకి దిగలేదండీ. చీకటంటే భయం. రిటైరయ్యేదాకా స్టోర్స్‌లో కూర్చుని మీబోటి వాళ్ళకు బూట్లిచ్చేవారు."

మజ్జిగ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఆగిపోయారేం? చెప్పండి, బాగుంది. ఆయన పోయాక ఆయన గురించి నాకు తెలియని మాట ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తాగాక ఏమన్నారు?"

అప్పుడు నిజం చెప్పాను. అరుగు, అద్దాల గలగల, గ్రీజు, అన్నా అన్న పిలుపు, దవాఖాన, అన్నీ. ఒక్క మాట పెంచలేదు. పెంచడానికి ఏమీ మిగల్లేదు కూడా. ఆమె లేచి పెరట్లోకి దారి తీసింది.

సైకిలు గోడకు ఆనించి ఉంది. హ్యాండిలు మీదుగా పొట్లపాదు పాకింది. టైర్లు పొరలు పొరలుగా చీలాయి. నేను వెనక చక్రం పైకెత్తి పెడలు తిప్పాను. రెండు చుట్లు ఏమీ లేదు. మూడో చుట్టులో ఎక్కడో లోపల కళ్ళు తెరిచినట్టు, టిక్కు. తర్వాత ఇంకొకటి. నా వెన్ను మీద చలి పుట్టింది.

ఆమె కనుబొమలు ముడివేసి వింటోంది.

"రోజూ దీని మీదే వచ్చేవారండీ. ఈ చప్పుడు నాకు ఒక్క పిసరు గుర్తు లేదు." తానే ఒంగి పెడలు తిప్పింది. "అప్పుడు కూడా ఉండేదంటారా?"

"ఉండెనమ్మా."

"మరి నేనెక్కడున్నాను?" అన్నది. నన్ను కాదు అడిగింది. చక్రం దానంతటది ఆగేదాకా సీటు మీద నుంచి చెయ్యి తీయలేదు. తర్వాత మామూలు గొంతుతో, "చక్రం ఒక్కటే తీసుకెళ్ళండి. మిగతాది ఉండనివ్వండి, పాదుకు ఆసరాగా ఉంది," అన్నది.

మెకానిక్ ఈసారి సుత్తి ముట్టలేదు. కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి, చక్రాన్ని అట్లాగే మా సైకిలుకు బిగించాడు. టైరు మార్చాడు. ఇంటికి తీసుకుపోయే ముందు ఒకసారి తొక్కి చూద్దామని, మేము పాతికేళ్ళు ఉన్న క్వార్టర్ల వైపు పోయాను. ఓపెన్‌కాస్టు అటే వస్తోందని అక్కడ అందర్నీ ఖాళీ చేయించారు. తలుపులూ కిటికీలూ ఎవరివి వాళ్ళు పీక్కుపోయారు. మిట్టమధ్యాహ్నం, ఎండ సూటిగా పడుతోంది, మనిషి లేడు. నేను తొక్కుతుంటే నా టిక్కుటిక్కు తలుపుల్లేని ఒక్కో గదిలోకి పోయి, కాస్త ఆలస్యంగా బయటికి వస్తోంది. కింద మేము బొగ్గు తీసి వదిలేసిన గదులు. పైన మేము సామాను తీసుకుని వదిలేసిన గదులు. నా వెనక ఇంకో సైకిలు వస్తున్నట్టు అనిపించింది. ఎవడో డ్యూటీ దిగి, ఆకలి మీద, గట్టిగా తొక్కుతున్నాడు. నేను దారికి అడ్డంగా ఉన్నాను. ధైర్యంగా వెనక్కి తిరిగి చూశానని రాయాలనుంది. చూడలేదు. పక్కకు జరిగి, దారి ఇచ్చి, లైను చివరిదాకా ఊపిరి బిగబట్టి తొక్కాను.

మా సందు మలుపు తిరిగేసరికి ఆమె అరుగు మీదే ఉంది. చప్పుడు వినగానే లేచింది. అంత దూరం నుంచే ఆమె మొహం వెలగడం చూశాను. నేను గేటు దగ్గర దిగాను. నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చినవా? ఇన్నొద్దులు ఏడికి పోయినవ్?" అన్నది. రెండు కంచాలు పెట్టింది. ఆ సాయంత్రమంతా పాత ముచ్చట్లు చెప్పుకున్నాం.

టీ హోటల్లో ఇక్కడ ఆపుతాను. వాళ్ళు గట్టిగా నిట్టూర్చి, నా టీ కూడా తామే ఇప్పిస్తారు.

లేచి నిలబడ్డదీ, మొహం వెలిగిందీ నిజమే. నేను గేటు దగ్గర దిగాను. ఆమె సైకిలు వైపు చూసింది. నా భుజం మీదుగా సందు వైపు చూసింది. పెరటి వైపు తల తిప్పింది.

"నువ్వు తెచ్చినవా అన్నా సైకిల్? ఆయన కాళ్ళు కడుగుతాండా? నువ్వు గూడ రా, ఇంత తిని పోదువు."

మూడు కంచాలు పెట్టింది. ఒకటి ఆమెకు, ఒకటి నాకు. మూడోదాంట్లో ఎప్పుడూ నాకు పెట్టేటట్టు అన్నం ఒక పక్కకు నొక్కి, మామిడి తొక్కు పచ్చడి అంచున పెట్టింది. నా కంచంలో తొక్కు లేదు, అతిథికి ఏం ఇష్టమో ఆమెకేం తెలుసు? వంటింటి గుమ్మంలో కోడలు కదలకుండా నిలబడింది.

"ఆయన రావాలె గద?" అన్నాను.

"వచ్చిండు గద, ఇగ ఫికర్ లేదు. కాళ్ళు కడుగుట్ల ఆయనకెప్పుడు ఆలస్యమే. మనం తిందాం," అని ముద్ద కలిపింది. తిన్నది. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నది. ఇన్నాళ్ళకు ఆమె బుగ్గల్లో అన్నం కదలడం చూస్తూ, పక్కనున్న ఖాళీ పీట వైపు చూడకుండా ఉండలేకపోయాను. వాడి మీద నాకు కోపం వచ్చింది. నా సైకిలు మీద, నా చప్పుడుతో వచ్చి, నా తొక్కు ముందర పెట్టించుకున్నాడు. అట్లాగని రావద్దని ఎట్లా అంటాను? వాడు రాకపోతే ఆమె తినదు.

అప్పటినుంచి రోజూ అంతే. మధ్యాహ్నం అద్దాలు గలగలమంటాయి, నేను సందు చుట్టి వస్తాను, మూడు కంచాలు. ఆమె షుగరు కుదుటపడిందని మొన్న డాక్టరు చెప్పాడు. నిన్న తినడం అయ్యాక చెయ్యి కడుక్కుంటూ అడిగింది.

"రేపు గూడ ఫస్ట్ షిఫ్టేనా అన్నా ఆయనకు?"

"ఫస్ట్ షిఫ్టే."

"నీకు?"

"నాకు గూడ గదే షిఫ్టమ్మా."

"గట్లయితే ఇద్దరు కలిసే రాండ్రి," అన్నది.